చేన్లో దొరికిన ఇనుప గుండు – ఎవరి ఫిరంగిది?

చెనిక్కాయ_రైతు (గుత్తి) · ఆదివారం రాత్రి 8:14

అందరికీ నమస్కారం. శానా దినాల నుంచి ఈడ చదువుతాండా గానీ రాయడం ఇదే మొదులు. మాది గుత్తి పక్కన పల్లె. వాకిట్లో నిలబడితే కోట కనబడ్తాది. పోయిన నెల చెనిక్కాయ విత్తేదానికి చేను దున్నిస్తాంటే కల్టివేటరు పండ్లకు ఏదో టంగుమని తగిలింది. డ్రైవరు బండ అనుకొని దిగి చూస్తే గుండ్రంగా ఇనుప గుండు. తుప్పు పట్టి ఎర్రగా ఉండాది. మా జేజి (నాయనమ్మ) దాన్ని తెప్పించి, తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. నెల దినాలుగా ఆడనే ఉండాది.

నిన్న మా పెదనాయన కొడుకు బెంగుళూరు నుంచి వచ్చి "ఇది ఫిరంగి గుండురా, లక్షలు పలుకుతాది" అన్నాడు. ఆ మాటతో సగం ఊరు వచ్చి చూసిపోయింది. ఇది నిజంగా ఫిరంగిదేనా? అయితే ఎవరిది? తెలిసినోళ్ళు చెప్పండి.

సీమ_చిన్నోడు · ఆదివారం రాత్రి 8:31

ఇంకెవరిదన్నా, హైదర్ అలీదే. గుత్తి కోటను పట్టింది ఆయనే కదా. ఫొటో పెట్టు.

సిమెంటు_సీను (తాడిపత్రి) · ఆదివారం రాత్రి 8:52

ఆశ మీద నీళ్ళు పోస్తున్నా, ఏమనుకోవద్దు అన్నా. నేను సిమెంటు ఫ్యాక్టరీ మిల్లులో పదకొండేళ్ళుగా ఉన్నా. బాల్ మిల్లులో క్లింకరును (సిమెంటు కోసం కాల్చిన గడ్డలను) పొడి చేసేది ఇనుప గుండ్లే. మొదటి గదిలో 90 మిల్లీమీటర్ల గుండ్లు వేస్తాం, రెండో గదిలో చిన్నవి. అరిగిపోయినవి తుక్కులో పోతాయి. తాడిపత్రి, యర్రగుంట్ల, బనగానపల్లె పక్క ఏ ఇంట్లో చూసినా ఒక గుండు ఉంటుంది. పిల్లలు ఆడుకుంటారు, ముసలోళ్ళు అల్లం దంచుతారు. ఎవరో ట్రాక్టరులో ఎరువుతో పాటు నీ చేన్లో పారేసి ఉంటారు.

తోప్‌ఖానా_హవల్దార్ (ప్రొద్దుటూరు) · ఆదివారం రాత్రి 9:20

నేను ఆర్టిలరీలో ఇరవై రెండేళ్ళు చేసి వచ్చినవాణ్ణి. గుండు ఎవరిదన్నది తర్వాత. ముందు ఒక మాట చెప్పు తమ్ముడూ: ఆ గుండుకు ఎక్కడైనా బొక్క ఉందా? వేలు దూరేంత గానీ, బిరడా కొట్టినట్టు గానీ?

ఎందుకడుగుతున్నానంటే, పాతకాలం గుండ్లలో రెండు రకాలు. ఒకటి గట్టి గుండు, లోపలంతా ఇనుమే. అది గోడను గుద్దుతుంది, మనుషుల మీద దొర్లుతుంది, అంతే. రెండోది బోలు గుండు. లోపల మందు కూరి, చెక్క బిరడాలో వత్తి పెట్టి పేల్చేవాళ్ళు. నల్లమందు తడిసి ఆరినా పూర్తిగా చచ్చిందని చెప్పలేం. బొక్క కనబడితే దాన్ని కదిలించొద్దు, నిప్పు దగ్గరికి పోనీయొద్దు, రంపం పెట్టొద్దు, పోలీసోళ్ళకు చెప్పు. మీ జేజిని కూడా ఆ తలుపు దగ్గర నుంచి లేపు.

చెనిక్కాయ_రైతు · ఆదివారం రాత్రి 9:41

అన్నా, మీ మాట చదివి మా నాయన టార్చిలైటు తీసుకోని బయటికి పరిగెత్తినాడు. బొక్క లేదు. చుట్టూరా తిప్పి చూసినాం. జేజి మాత్రం "నెల నుంచి పేలనిది ఈ రాత్రికి పేల్తాదా" అని లేచేదానికే ఒప్పుకోలేదు.

కందనవోలు_మాస్టారు (కర్నూలు) · సోమవారం ఉదయం 6:05

సీను గారి అనుమానం సరైనదే, కానీ తేల్చడం కష్టం కాదు. మూడు కొలతలు కావాలి. ఒకటి, గుండు చుట్టూ దారం చుట్టి ఆ దారం పొడవు. రెండు, బరువు – చెనిక్కాయల కాటా ఉంటుంది కదా. మూడు, బకెట్టును అంచుదాకా నీళ్ళతో నింపి కింద పళ్ళెం పెట్టి, గుండును తాడుతో మెల్లగా దించితే పొర్లిన నీళ్ళెన్ని? బరువును ఆ నీళ్ళతో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఉక్కయితే 7.8 దగ్గర, పోత ఇనుమయితే 7.2 దగ్గర, రాతి గుండయితే మూడు లోపు. బోలుదయితే ఇంకా తక్కువ లెక్క వస్తుంది.

దయచేసి తుప్పు గీకకండి.

చెనిక్కాయ_రైతు · సోమవారం సాయంత్రం 6:48

సార్, పొద్దున్నే జేజి ఇటుకరాయి పొడి, కిరసనాయిలు ఏసి సగం తోమేసింది. మీ మెసేజి నేను లేటుగా చూసినా.

కొలతలు ఇవి. దారం 34.5 సెంటీమీటర్లు. కాటా మీద 4 కిలోల 900 గ్రాములు. నీళ్ళు రెండుసార్లు కొలిస్తే ఒకసారి 690 మిల్లీలీటర్లు, ఇంకోసారి 710. పాల లీటరు చెంబుతో కొలిచినా, రోంత అటూ ఇటూ ఉండొచ్చు. ఇంకో సంగతి. తోమిన పక్క నడుమ చుట్టూ సన్నంగా గీత మాదిరి కనబడ్తాంది. ఆ గీత మీద ఒక తావున చిన్న బొడిపె తగుల్తాది.

కందనవోలు_మాస్టారు · సోమవారం రాత్రి 7:30

మీ జేజి చేసిన పని పురావస్తు శాఖ వాళ్ళు చూస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. అయినా ఆ గీత బయటపడింది ఆమె పుణ్యమే.

లెక్క చూద్దాం. 34.5ను 3.14తో భాగిస్తే అడ్డకొలత 11 సెంటీమీటర్లు. అంత గోళం ఘనపరిమాణం దాదాపు 697. మీ చెంబు కొలత సగటున 700, బాగా కుదిరింది. 4900ను 700తో భాగిస్తే 7. ఉక్కయితే ఇదే గుండు ఐదున్నర కిలోల దగ్గర తూగాలి. ఇది పోత ఇనుము, పై పొర తుప్పుగా మారి కాస్త తేలికైంది. నడుమ గీత రెండు అచ్చుల అతుకు. బొడిపె ఇనుము పోసిన మూతి విరిచిన చోటు.

అప్పట్లో ఫిరంగికి పేరు గుండు బరువును బట్టే. 12 పౌన్ల గుండంటే 5.44 కిలోలు, అడ్డకొలత 11 సెంటీమీటర్ల పైచిలుకు. తుప్పు తిన్నది పోగా మీది దానికే దగ్గరగా ఉంది. ఫిరంగి గొట్టం గుండు కంటే కాస్త వెడల్పుగా ఉండేది. లేకపోతే మసి పట్టిన గొట్టంలో గుండు ఇరుక్కుపోతుంది.

సిమెంటు_సీను · సోమవారం రాత్రి 8:02

ఓడిపోయినా సార్. మా గుండ్లు క్రోమియం కలిపినవి, ఇంతలా తుప్పు పట్టవు. బరువు కూడా లెక్కకు ఎక్కువే వస్తుంది. అందులోనూ 11 సెంటీమీటర్ల గుండు మా మిల్లులో నేను చూడలేదు. జేజికి నా దండాలు చెప్పన్నా.

సీమ_చిన్నోడు · సోమవారం రాత్రి 8:10

అంటే హైదర్ అలీదే! నేను ముందే చెప్పినా!!

కందనవోలు_మాస్టారు · సోమవారం రాత్రి 9:15

తొందరపడకు నాయనా. గుండు మీద ఊరూ పేరూ చెక్కి ఉండవు. గుత్తి మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే చేతిలో ఉన్నది, 1776లో హైదర్ పట్టాడు, 1799లో టిప్పు పోయాక నిజాముకు వచ్చింది, 1800లో నిజాము మన సీమ జిల్లాలన్నీ కుంపిణీకి (ఈస్టిండియా కంపెనీకి) రాసిచ్చాడు. అందుకే దత్త మండలాలు అన్నారు. ఇందరి దగ్గరా ఫిరంగులు ఉండేవి. కుంపిణీ సిపాయిలు చాందమారీకి (గురి సాధనకు) కాల్చిన గుండు కూడా కావచ్చు.

నిజానికి గుత్తిలో ఫిరంగి కంటే గొప్ప కథ ఉంది. కోట కింది నేల నుంచి కొండ కొస దాకా దాదాపు వెయ్యి అడుగులు. అప్పటి నున్నటి గొట్టపు ఫిరంగి గురి గట్టిగా కిలోమీటరు దాకా. కింద నుంచి పైకి కొడితే గుండు ఊపంతా ఎక్కడానికే సరిపోతుంది. పైవాడు కింద కొడితే మాత్రం ప్రతి గుండూ దొర్లుకుంటూ పోతుంది. అందుకే హైదర్ ఊరిని, కింది కోటను పట్టుకొని, పై కోటను చుట్టుముట్టి కూర్చున్నాడు. నెలలు గడిచాయి. పైన బావులు, కోనేళ్ళు ఎండుతున్నాయి.

మైసూరు చరిత్ర రాసిన విల్క్స్ చెప్పే కథ ఇది. మురారిరావు డబ్బు కట్టడానికి ఒప్పుకొని, బాకీకి హామీగా ఒక మనిషిని హైదర్ దండులోకి పంపాడు. హైదర్ అతన్ని బాగా మర్యాద చేశాడు. మాటల్లో అతను నోరు జారాడు – పైన మూడు రోజులకే నీళ్ళున్నాయి, లేకపోతే మావాడు లొంగేవాడా అని. హైదర్ ఏదో వంక పెట్టి ముట్టడి మళ్ళీ మొదలెట్టాడు. మురారిరావు దిగిరాక తప్పలేదు. మైసూరు సీమలోని కబ్బాలదుర్గం చెరలో పోయాడు.

నా లెక్కలో గుత్తిని కొట్టింది ఫిరంగి కాదు, ఖాళీ కోనేరు. దానికి తోడు ఒక నోరు.

పెన్నా_ఒడ్డు (జమ్మలమడుగు) · సోమవారం రాత్రి 10:40

మాస్టారూ, ఫిరంగి మాట వచ్చింది గనక మా గండికోట కూడా చెప్పాల. టూరిస్టులకు లోయ చూపించి సెల్ఫీలు తీయించడమే సరిపోతాంది మాకు, ఈ కథ అడిగేవాడే లేడు.

1650 దగ్గర గోల్కొండ సేనాని మీర్ జుమ్లా, అప్పుడు ఈడ ఏలుతున్న పెమ్మసాని వాళ్ళ దగ్గర నుంచి గండికోట తీసుకున్నాడు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఆయన్ను కలవడానికి ఈడికి వచ్చినాడు. ఆయన రాసిందాని ప్రకారం మీర్ జుమ్లా ఒక ఫ్రెంచి పోతగానికి ఇరవై ఫిరంగులు పోయమని పని అప్పగించినాడు. పది 48 పౌన్లవి, పది 24 పౌన్లవి. లోహం యాడిది? చుట్టుపక్కల గుళ్ళలో విగ్రహాలు. రాశి పోసి కరిగించడం మొదలుపెట్టినారు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదంట. పూజారులు మంత్రం వేసినారని మీర్ జుమ్లా వాళ్ళను బెదిరించినాడని కూడా రాసినాడు. కడాకు ఆ పోతగాడు ఒక్క ఫిరంగి కూడా పూర్తి చేయలేదు. ఒకటి పగిలిందంట, ఇంకొకటి సగంలో నిలిచిందంట. పని వదిలేసి పోయినాడు.

మా ముసలోళ్ళు దేవుని మహిమ అంటారు. నేను కంచరి పని చేసే మా మామను అడిగినా. ఆయన ఒకటే మాట అన్నాడు: "నాలుగు రకాల కంచు ఒకే మూసలో పోస్తే యాడ కుదురుతాది అబ్బీ? తగరం పాలు ఒకదానిలో ఒక రకం. చల్లారేటప్పుడు పగుల్తాది." రెండిట్లో ఏది నమ్మాలో మీ ఇష్టం. నేను కోట కాడ ఉన్నప్పుడు మొదటిది, మామ కాడ ఉన్నప్పుడు రెండోది నమ్ముతా.

హైటెక్_బాబు · సోమవారం రాత్రి 11:26

రాయలసీమలో ఆయుధాల చర్చ అంటే నాటు బాంబులు, వేటకొడవళ్ళు ఉంటాయనుకొని వచ్చా. ఇక్కడ పాఠాలు నడుస్తున్నాయే!

పెన్నా_ఒడ్డు · సోమవారం రాత్రి 11:34

సినిమాలు రోంత తక్కువ చూడు సామీ.

మోడరేటర్ · మంగళవారం ఉదయం 7:00

పై వ్యాఖ్యకు వచ్చిన ఇంకో పదకొండు జవాబులు తీసేశాను. బాంబుల తయారీ మాట ఈ వేదికలో రాకూడదు, నాటువైనా నీటువైనా.

డౌట్ల_సుబ్బు · మంగళవారం ఉదయం 9:12

సార్ నేను డిగ్రీ సెకండియర్, అనంతపురం. టిప్పు రాకెట్ల గురించి ఎవరూ చెప్పలేదు. ప్రపంచంలో మొదటి రాకెట్ మనదే కదా? ఈ గుండు రాకెట్ తలకాయ కావచ్చు కదా?

కందనవోలు_మాస్టారు · మంగళవారం ఉదయం 10:20

రెండూ కాదు సుబ్బూ. రాకెట్టు చైనాలో పుట్టింది, మన దక్కనులో కూడా టిప్పుకు ముందే వాడకంలో ఉంది. మైసూరు వాళ్ళ గొప్పతనం వేరు. కాగితం, వెదురు గొట్టాల బదులు మెత్తటి ఇనుప గొట్టం వాడారు. ఇనుము గనక లోపల ఎక్కువ ఒత్తిడిని తట్టుకుంది, ఎక్కువ మందు కూరగలిగారు, దూరం పెరిగింది. జానెడు గొట్టం, దానికి కట్టిన పొడుగు వెదురు గానీ కత్తి గానీ. గుండ్రటి తలకాయ ఏమీ ఉండదు.

1780 సెప్టెంబరు 10న కంచి పక్కన పొల్లిలూరు దగ్గర కుంపిణీ కర్నల్ బెయిలీ దండు మీద ఇవి పడ్డాయి. కుంపిణీ మందుగుండు బండ్లు పేలిపోవడంతో దండు చెల్లాచెదురైంది. శ్రీరంగపట్నం పడ్డాక దొరికినవాటిని ఇంగ్లండు పంపారు. అక్కడ కాంగ్రీవ్ అనే ఆయన వాటిని చూసి తన రాకెట్లు చేశాడు. అయితే గురి మాత్రం గాలికి వదిలేసిన గురే. గుర్రాలు బెదరడానికి, బండ్లు అంటుకోవడానికి అది చాలు.

తోప్‌ఖానా_హవల్దార్ · మంగళవారం మధ్యాహ్నం 1:45

గురి లేని రాకెట్టు అనగానే నవ్వొచ్చింది. ఇప్పుడు మన పినాక ఒక్కో లాంచరు 44 సెకన్లలో 12 రాకెట్లు వదులుతుంది. మొదట్లో అదీ ఒక ప్రదేశం మీద చల్లే ఆయుధమే. ఇప్పుడు దారి చూపే పరికరం పెట్టిన రకం వచ్చింది, 75 కిలోమీటర్ల దాకా పోతుంది. టిప్పు రాకెట్టుకు మనం కలిపింది ఒక బుర్ర.

నా బ్రతుకంతా బోఫోర్స్ ఫిరంగితో గడిచింది. పిల్లోళ్ళు ఇప్పుడు "నువ్వు తోపు" అంటుంటారు కదా, తోప్ అంటే ఫిరంగే. మేము రోజూ దాన్ని తుడిచేవాళ్ళం. 155 మిల్లీమీటర్ల గుండు 43 కిలోలు, చెనిక్కాయ మూట ఒకటి అనుకోండి. 1999 కార్గిల్ యుద్ధంలో, ద్రాసులో ఆ మూటలు రాత్రంతా మోశాం. కొండ మీద గాలి పలచన. మైదానంలో గురికి వాడే లెక్కల పట్టికలు అక్కడ పనిచేయవు, గుండు అనుకున్నదానికంటే ముందుకు పోతుంది. మొదట్లో లెక్కలు సవరించుకుంటూ కాల్చాం. ఓపీలో (ముందుండి గురి చూసే చోట) కూర్చున్న ఆఫీసరు రేడియోలో "దగ్గరికి, ఇంకా దగ్గరికి" అంటుంటే ఆ గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది. ఎడమ చెవిలో మాత్రమే. కుడి చెవి అక్కడే పోయింది.

ఆ యుద్ధంలో మొత్తం రెండున్నర లక్షలకు పైగా గుండ్లు, బాంబులు, రాకెట్లు పేల్చాం. అందరికీ టైగర్ హిల్ ఫొటో గుర్తు. నాకు గుర్తుండేది లారీలు. రాత్రి దీపాలు ఆర్పుకొని, లోయ అంచున, గుండ్లు మోసుకొచ్చిన లారీలు. లారీ రాకపోతే బోఫోర్స్ కూడా మీ జేజి తలుపు అడ్డం లాంటిదే.

ఓర్వకల్లు_ఎండ (కర్నూలు) · మంగళవారం రాత్రి 8:55

అందరూ పాత ఇనుము దగ్గరే ఉన్నారు. మా ఊరి పక్కన పాలకొలను దగ్గర డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన సంస్థ) పరీక్షల రేంజిలో ఇప్పుడు జరుగుతున్నది చూడండి. 2019 సెప్టెంబరులో భుజాన మోసే ట్యాంకు విధ్వంసక క్షిపణిని ఇక్కడే పరీక్షించారు. అది నేరుగా పోయి గుద్దదు, పైకి లేచి ట్యాంకు నెత్తిన పడుతుంది, నెత్తిన రేకు పలచన గనక. 2025 జులైలో డ్రోను మీద నుంచి వదిలే చిన్న క్షిపణి, పగలు 4 కిలోమీటర్లు, రాత్రి రెండున్నర. వీటన్నిటికంటే ముఖ్యం, 2025 ఏప్రిల్ 13. 30 కిలోవాట్ల లేజరుతో డ్రోన్లను కాల్చి పడేశారు. గుండు లేదు, మందు లేదు, శబ్దం లేదు. కాంతితో కొట్టడమే. కొన్ని సెకన్లు కాల్చినందుకు అయ్యే ఖర్చు రెండు లీటర్ల పెట్రోలంత అని డీఆర్‌డీఓ వాళ్ళే చెప్పారు. ఫిరంగుల కాలం అయిపోయింది హవల్దారు గారూ!

చెనిక్కాయ_రైతు · మంగళవారం రాత్రి 9:10

30 కిలోవాట్లంటే మా బోరు మోటరు లెక్కలో ఎంత అన్నా?

ఓర్వకల్లు_ఎండ · మంగళవారం రాత్రి 9:31

మంచి ప్రశ్న. 5 హెచ్‌పీ మోటరు 3.7 కిలోవాట్లు. బయటికొచ్చే కాంతే ఎనిమిది మోటర్లంత. కానీ లోపలికిచ్చే కరెంటులో మూడో వంతే కాంతిగా మారుతుంది, మిగతాదంతా వేడి. అంటే దాదాపు 100 కిలోవాట్లు, ఇరవై ఏడు మోటర్లు ఒకేసారి నడిచినట్టు. ఆ వేడిని తోడేసే చల్లబరిచే యంత్రాలు వేరే. అందుకే అది లారీ మీద వస్తుంది, భుజాన వేసుకొనేది కాదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. సినిమాలో మాదిరి చురుక్కుమని కొట్టి వదిలేయడం కాదు. ఎగిరే డ్రోను మీద ఒకే చోట, అరచేయంత స్థలంలో, కొన్ని సెకన్లు కాంతిని కదలకుండా నిలబెట్టాలి. అప్పుడే రెక్క కాలుతుంది, లేదా కెమెరా కన్ను పోతుంది. దుమ్ము, మంచు, వాన ఉంటే కాంతి చెదిరిపోతుంది.

చెనిక్కాయ_రైతు · మంగళవారం రాత్రి 9:40

ఇరవై ఏడు మోటర్లా! మా ట్రాన్స్‌ఫార్మరు ఆరు మోటర్లకే కాలిపోయె. మే నెల దుమ్ముగాలిలో మా ఊరికి యుద్ధం వస్తే మీ లేజరు గతి ఏందో.

తోప్‌ఖానా_హవల్దార్ · మంగళవారం రాత్రి 10:05

అదే నేను చెప్పబోయింది. లేజరు వద్దని కాదు, రావాల్సిందే. కానీ 2025 మేలో సరిహద్దు మీదికి వందల డ్రోన్లు వచ్చిన రాత్రులు వాటిని దించినవాటిలో ఎల్-70 తుపాకులు ఉన్నాయి. 40 మిల్లీమీటర్ల పాత ఫిరంగి, 1960ల నాటి సరుకు. దానికి కొత్త రాడారు, పగలూ రాత్రీ చూసే కెమెరా తగిలించారు. పాత గొట్టం, కొత్త కన్ను. చవక డ్రోనుకు కోట్ల క్షిపణి వాడితే ఎవడి బొక్కసం ముందు ఖాళీ అవుతుంది? ఎల్-70 ఆ లెక్కను సరిచేసింది.

యుక్రెయిన్ చూడండి. డ్రోన్ల యుద్ధం అంటారు గానీ వాళ్ళు మొదటి నుంచీ అడుగుతున్నది 155 గుండ్లు. ఐరోపా వాళ్ళు 2024 మార్చికల్లా పది లక్షల గుండ్లు ఇస్తామని మాటిచ్చి సగం దగ్గరే ఆగిపోయారు. ఫ్యాక్టరీలు చాలలేదు, మందు చాలలేదు.

డౌట్ల_సుబ్బు · మంగళవారం రాత్రి 10:22

డ్రోన్లను జామ్ చేయొచ్చు కదా సార్, లేజరు ఎందుకు?

ఓర్వకల్లు_ఎండ · మంగళవారం రాత్రి 10:50

రేడియోతో నడిచేదయితే చేయొచ్చు. అందుకే ఇప్పుడు యుక్రెయిన్లో రెండు వైపులా డ్రోను వెనక ఫైబరు దారం కట్టి వదులుతున్నారు. మీ ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే వైరు జాతిదే, వెంట్రుకంత సన్నం. డ్రోను పోయేకొద్దీ చుట్ట విప్పుకుంటూ పోతుంది, కిలోమీటర్ల పొడవునా. జామ్ చేయడానికి గాలిలో ఏమీ ఉండదు. యుద్ధం అయిపోయిన పొలాల్లో సాలెగూడులా ఆ దారాలే. గాలిపటం తెగిన మరుసటి రోజు మన మిద్దెలు గుర్తొచ్చాయి నాకు.

సీమ_చిన్నోడు · మంగళవారం రాత్రి 11:02

ఓర్వకల్లు అన్నా, నెక్స్ట్ టెస్ట్ ఎప్పుడు? మీ మిద్దె మీద నుంచి కనబడుతుందా? వీడియో తీసి పెట్టు, ఇక్కడ ఫస్ట్ మనమే!

ఓర్వకల్లు_ఎండ · మంగళవారం రాత్రి 11:15

పేపర్లో వచ్చిందే చెప్తా తమ్ముడూ. వచ్చిన తర్వాతే చెప్తా.

కందనవోలు_మాస్టారు · బుధవారం ఉదయం 6:10

భేష్. మురారిరావు మనిషికి ఈ మాట ఎవరైనా నేర్పి ఉంటే బాగుండేది. 2025లో సైనిక కదలికలను లైవులో చూపొద్దని కేంద్రం చానళ్ళకు చెప్పాల్సి వచ్చింది. ఆనాడు ఒక నోరు, ఈనాడు చేతికొక ఫోను.

మా కర్నూలు సంగతి కూడా ఒకటి చెప్పి వెళతాను, బడికి టైమవుతోంది. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగేస్తున్నాడని కుంపిణీ దండెత్తింది. కోట పోరాటం లేకుండానే వాళ్ళ చేతికి వచ్చింది. లోపల వెతికితే వందల ఫిరంగులు, గుట్టలుగా మందుగుండు, జనానా తోటల్లో కూడా దాచినవి. నవాబు మాత్రం ఊరి బయట జోహరాపురంలో తన అరబ్బు, పఠాను సిపాయిల మధ్య ఉన్నాడు. అక్టోబరు 18న అక్కడ జరిగిందే పోరు. ఆ కిరాయి సిపాయిలు కత్తులతో, తుపాకులతో చచ్చేదాకా కొట్లాడారు. గోడ అవతల అన్ని ఫిరంగులుండి ఏం లాభం? నడిపేవాడు ఒకచోట, ఇనుము ఒకచోట. జోహరాపురం ఇప్పుడు హంద్రీ పక్కన టౌనులో కలిసిపోయింది. నేను రోజూ ఆ దారినే ఆటోలో పోతాను, ఒక్క రాయి కూడా లేదు గుర్తుకు.

చెనిక్కాయ_రైతు · బుధవారం మధ్యాహ్నం 12:30

మీరంతా చెప్తాంటే ఒకటి గుర్తొచ్చింది. 2025 మే 9న సరిహద్దు కాల్పుల్లో పోయిన అగ్నివీరుడు మన పాత అనంతపురం జిల్లాలోనే, గోరంట్ల మండలం తండా పిల్లోడు. వాళ్ళ ఊరి పక్కనే పాలసముద్రం దగ్గర భారత్ ఎలక్ట్రానిక్స్‌కు వందల ఎకరాలు ఇచ్చినారు, రాడార్లు క్షిపణులు కూర్చేదానికి. ఆ దినం మా ఊర్లో టీవీ ముందర ఎవరూ మాట్లాడలేదు. మా చిన్నాయన కొడుకు కూడా రన్నింగు కొడ్తాండాడు సెలక్షన్లకు. పొద్దున నాలుగింటికి లేచి కోట చుట్టూ.

తోప్‌ఖానా_హవల్దార్ · బుధవారం మధ్యాహ్నం 1:05

ఆ పిల్లోని చేత మోకాళ్ళు జాగ్రత్తగా చూసుకోమని చెప్పు. తారు రోడ్డు మీద వద్దు, మట్టి మీద పరిగెత్తమను. నా నంబరు మెసేజిలో పంపుతా, ఏదన్నా అడగాలంటే అడగమను.

కందనవోలు_మాస్టారు · బుధవారం సాయంత్రం 5:40

గుండు సంగతి తేల్చుకోండి. భూమిలో దొరికిన పాత వస్తువు పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం. బంగారమే కానక్కర్లేదు. తహసీల్దారుకు అర్జీ రాసి, దొరికిన చోటు, లోతు, తేదీ చెప్పండి. చేన్లో ఏ మూల దొరికిందో గుర్తు పెట్టండి, అక్కడ ఇంకో రెండు గుండ్లు దొరికితే ఫిరంగి ఏ దిక్కు నుంచి కాల్చారో కూడా చెప్పొచ్చు. తలుపు అడ్డంగా ఉన్న గుండు బరువు మాత్రమే చెప్తుంది. చేన్లో చోటు తెలిసిన గుండు కథ చెప్తుంది. లక్షలు పలుకుతుందన్న మీ అన్నను మాత్రం నమ్మకండి.

చెనిక్కాయ_రైతు · శనివారం రాత్రి 7:20

సార్, అప్‌డేట్. గుండు సంచిలో ఏసుకొని ఆఫీసుకు పోయినా. ఆడున్నాయన చూసి "దీన్ని పెట్టుకొని నేనేం చేసుకోవాలప్పా, ఏ కాలమ్‌లో రాయాల" అన్నాడు. మీరు చెప్పిన చట్టం పేరు, సంవత్సరం చెప్తే రోంత సేపు నా మొగమే చూసి, ఎవరికో ఫోను చేసినాడు. మూడు గంటలు కూచోబెట్టినాడు గానీ కడాకు అర్జీ తీసుకొని రసీదు ఇచ్చినాడు. పురావస్తు శాఖోళ్ళు వచ్చి చేను చూస్తారంట. దొరికిన తావున కంది కట్టె పాతి ఎర్రగుడ్డ కట్టినా. ఆడ ఈసారి విత్తలేదు.

జేజి మాత్రం కోపంగా ఉండాది. రెండు రాత్రులుగా తలుపు డబడబా కొట్టుకుంటా ఉంటే నిద్ర లేదంట. ఇప్పుడు రుబ్బుగుండు తెచ్చి అడ్డం పెట్టింది.

సిమెంటు_సీను · శనివారం రాత్రి 7:34

ఆ రుబ్బుగుండు చుట్టుకొలత ఎంతన్నా?